పిల్లి దగ్గు

రాయికల్‌లో కొమురమ్మ పొద్దున్నే పని తెముల్చుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటుంది. ఎలుకలు ఆకు కొరికి పాడు చేస్తున్నాయని మొన్న వానాకాలంలో ఒక పిల్లిని తెచ్చుకుంది. ఎలుకల బాధ పోయింది గానీ, పిల్లి బాధ మొదలైంది.

సిరిసిల్లలో ఉన్న బిడ్డ సంగీతకు ఏడో నెల. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట.

"అమ్మా, పిల్లికి సూదులు ఏపిచ్చినవా? ఏపియ్యకుంటే నేను రాను. ఈడనే కాన్పు చేయించుకుంట."

తొలి కాన్పు తల్లిగారింట్లో కాకపోతే నలుగురిలో తలెత్తుకునేదెట్లా? కొమురమ్మ పిల్లిని గంపలో పెట్టి, పైన పాత చీర కట్టి, జగిత్యాల బస్సెక్కింది. పశువుల డాక్టర్ చంద్రమౌళి థర్మామీటర్ పెట్టి చూశాడు.

"ఎవరిదమ్మా గీ జరం?"

"పక్కింటి భాగ్యది సారు. నిన్న దాని మంచంల పండింది."

"ఆమెకు తగ్గినంక తీస్కరా. జరమున్న పిల్లికి సూది ఎయ్యరాదు."

ఆ పిల్లి తీరే అంత. ఎవరి పక్కన పడుకుంటే వాళ్ల జబ్బు తను తీసుకుంటుంది. పిల్లి ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ మనిషికి జబ్బున్నట్టే తెలియదు. లోపల మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది.

భాగ్య గోలీలు మింగి కోలుకుంది. మళ్లీ బస్సు, మళ్లీ గంప. ఈసారి పిల్లి ఒంట్లో ఎదురింటి సారయ్య కడుపునొప్పి ఉంది. డాక్టర్ మళ్లీ తిప్పి పంపాడు.

"ఊరోళ్ల రోగాలన్ని మొయ్యనీకె తెచ్చుకున్ననా నిన్ను?" అని కొమురమ్మ బస్సులోనే గంపను తిట్టింది. కండక్టర్ నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఇక పిల్లిని గడప దాటనివ్వలేదు. అది ఇంట్లోనే ఉండి, దగ్గడం మొదలుపెట్టింది.

"దగ్గెవరిది?" అన్నాడు చంద్రమౌళి, ఫోన్‌లో ఆ దగ్గు విని.

"నాదే అయితది సారు. పొగాకు దుమ్ము."

దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించుకుంది. ఛాతీలో ఏమీ లేదన్నారు. బీడీల పని చెడింది, సంగీత కాన్పు దగ్గరపడుతోంది, ఆ దిక్కుమాలిన పిల్లి మాత్రం దగ్గుతూనే ఉంది. ఇంటికి వచ్చేసరికి అది మంచం మీద భర్త పోచయ్య ఛాతీపైన పడుకుని ఎగిరెగిరి దగ్గుతోంది.

"ఏమయ్యా, నువ్వొకసారి చూపెట్టుకో."

పోచయ్య రైస్ మిల్లులో హమాలీ. దవాఖాన మాటెత్తితే ఆయనకు కోపం.

"నాకేమైందే? నేను దగ్గుతున్ననా?"

నిజమే. ఏడాదిగా ఉన్న దగ్గు, పిల్లి గడప దాటడం మానేశాక ఆగిపోయింది. మందుల దుకాణంలో తెచ్చిన సీసా పనిచేసిందని కొమురమ్మ అందరికీ చెప్పుకుంది కూడా. మరి మనిషి చిక్కిపోయి, లుంగీ నడుం మీద ఎందుకు నిలవడం లేదు? ఆ దగ్గు ఎక్కడికి పోయిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. భయం, కోపం ఒక్కసారే వచ్చాయి. పిల్లిని లాక్కుని, గోడ మీది నుంచి భాగ్య చేతికిచ్చి, "దీన్ని ఊరు దాటిచ్చి తీస్కపో" అంది.

భాగ్య ఊరి పొలిమేర దాటిందో లేదో పోచయ్య దగ్గాడు. ఇన్నాళ్లు దగ్గనిదంతా దగ్గాడు. మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. తువ్వాలకు నెత్తురు అంటింది.

కొమురమ్మ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

దవాఖానలో టీబీ అన్నారు. ఇంకొన్నాళ్లు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు. పోచయ్య గొణుక్కుంటూనే రోజూ గోలీలు మింగాడు.

సంగీతకు నెలలు నిండుతున్నాయనగా కొమురమ్మ, భాగ్య తెచ్చిచ్చిన పిల్లిని గంపలో పెట్టుకుని మళ్లీ జగిత్యాల వెళ్లింది. చంద్రమౌళి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇప్పుడు దీని ఊపిరే ఇనవడుతుంది, ఇంకెవ్వరిది లేదు," అని సూది తీశాడు.

అన్నాళ్లూ తిడుతూ తిరిగిన మనిషి, గంప పట్టుకుని అక్కడే భోరుమంది.

"చిన్న సూదేనమ్మా," అన్నాడు డాక్టర్, "దానికి నొయ్యదు."