పోస్టుమాన్ గాడిద గొంతు

ఆదివారం భోజనాలయ్యాక గిన్నెలు కడిగి బోర్లించి, కత్తెరక్క టీవీ మీద దుమ్ము తుడిచేది. అప్పటికే అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చునేవారు. కూతురు చిట్టి కిటికీకి పరదా వేసేది. మేడమీదావిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మొదలెట్టేశారా ఏంటి?" అని మెట్లు దిగేది. అందరూ కుదురుకున్నాక చిట్టి డిస్కు పెట్టేది.

ప్రతి ఆదివారం అదే సినిమా. పిల్లల బొమ్మల సినిమా. అందులో నక్క మంగలి షాపు నడుపుతుంది. కోడిపెట్ట నాలుగు రోడ్ల కూడలిలో ఈల వేస్తుంది. గాడిద ఉత్తరాలు పంచుతుంది, కానీ ఒక్క ఉత్తరమూ సరైన ఇంటికి చేరదు. మన భాషలో ఆ గాడిదకి గొంతు ఇచ్చింది కత్తెరక్క భర్త. మాటలు రాసింది కత్తెరక్క.

ఎక్కడో ఎవరి భాషకో కదిలిన మూతికి మన మాట అతికించడం ఆమె పని. పెదవులు కలిసే చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు బార్లా తెరిస్తే అక్కడ దీర్ఘం ఉండాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా ఆమె ఊరుకునేది కాదు, తీసిపారేసేది. స్టూడియోలో ఆ పేరు అలా వచ్చింది. ఇంట్లో మాట్లాడే మాటలు కూడా కత్తిరించే బయటికి వదులుతుందని అత్తగారి ఫిర్యాదు.

అలాంటి మనిషి ఒక్కచోట మాత్రం తప్పు వదిలేసింది. పడవ ఊగినప్పుడు గాడిద "బాబోయ్" అని అరవాలి. ఆయన "ఏమోయ్" అని అరిచాడు. ఇంట్లో ఆమెని పిలిచే పిలుపు అది. పగలంతా రికార్డింగు అద్దాల గది బయట కూర్చున్న భార్యని చూస్తూ పలికితే నాలుక ఇంటి దారి పట్టింది. మూతికి సరిపోలేదు. స్టూడియో ఇన్‌చార్జి మళ్ళీ చెప్పిద్దామంటే, "ఉండనీండి" అంది. సినిమా విడుదలయ్యాక హాల్లో అంతమంది విన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మాత్రం చీకట్లో చెవుల దాకా ఎర్రబడింది.

ఆయన పోయి ఏడాదిన్నర. సాయంత్రం స్టూడియో నుంచి వచ్చి, బూట్లు విప్పడానికి గుమ్మంలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. పదిహేనో రోజున చిట్టి నాన్న గొంతు వినాలని డిస్కు పెట్టింది. గాడిద సంచి భుజాన సర్దుకుని, రాసిన మాట వదిలేసి, "అమ్మా, మందు వేసుకున్నావా?" అంది.

"ఆఁ, వేసుకున్నాన్రా" అన్నారు అత్తగారు.

అంతే. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కొత్త మాటలే. కానీ గాడిద నోరు కదిలినంతసేపే ఆయనకి అవకాశం. సినిమా మొత్తంలో ఇరవై రెండు నిమిషాలు. అందుకని అందరూ వారమంతా ప్రశ్నలు దాచుకునేవాళ్ళు, గాడిద వచ్చేముందు గబగబా అడిగేవాళ్ళు. నక్క సుదీర్ఘంగా గడ్డం గీస్తుంటే మేడమీదావిడ విసుక్కునేది.

కత్తెరక్క ఎప్పుడూ ఏమీ అడగలేదు. వినడమే. ఆమె ఇప్పుడు ఒక బడి లైబ్రరీలో పుస్తకాలకి చీటీలు అతికిస్తోంది. కలం ముట్టలేదు.

ఆ శనివారం స్టూడియో ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "రెండో భాగం వచ్చింది కత్తెరక్కా. సోమవారం పదింటికి గొంతులు చూస్తున్నాం. గాడిదకి ముగ్గురు వస్తున్నారు. మాటలు మీరే రాయాలి. ఈసారి కూడా కాదంటే ఇంక అడగను."

"చూస్తా" అంది.

మర్నాడు డిస్కు పెడుతూ చిట్టి అడిగింది. "కొత్త గాడిద వస్తే నాన్న ఏమవుతాడమ్మా?"

"ఏమవుతాడే? డిస్కు మనింట్లోనే ఉంటుందిగా. ఎవరెత్తుకుపోతారు?" అన్నారు అత్తగారు.

రెండు నెలలుగా కత్తెరక్క ఒకటి గమనిస్తోంది. గాడిద మూతి పదిసార్లు కదిలితే మాటలు నాలుగే వస్తున్నాయి. మిగతాది గాలి. మూతులు లెక్కపెట్టే అలవాటు ఇంకెవరికీ లేదు కాబట్టి ఇంకెవరికీ తెలీదు.

సినిమా మొదలైంది.

"నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానురా?" అన్నారు అత్తగారు.

"నెత్తిన" అంది గాడిద.

"అన్నయ్యా, మా ఆయన నీళ్ళ ట్యాంకు మూత ఎక్కడ పడేశాడో చూశావా?" అంది మేడమీదావిడ.

"ఆయన్నే అడుగు."

"అడిగితే చెప్పే మొహమైతే నిన్నెందుకు అడుగుతాను!"

చిట్టి పడీ పడీ నవ్వింది. ఆపైన గాడిద నది ఒడ్డుకి వచ్చింది. సినిమాలో దానికి అన్నిటికన్నా పొడుగు మాట అక్కడే. నలభై సెకన్లు. ఆ చోటు ఎవరూ వాడుకోకుండా కత్తెరక్కకి వదిలేసేవాళ్ళు. ఆమె అడగకపోయినా ఆయనే ఏదో ఒకటి వాగేవాడు.

ఆ రోజు ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

"గాడిదని ఇంకొకరికి ఇచ్చేస్తారటండీ" అంది. "ఇవ్వనా?"

వద్దు అంటే చాలు. ఇన్‌చార్జికి అదే చెప్పేసి, ఈ ఆదివారాలు ఇలాగే దాచుకుని బతికేస్తుంది.

గాడిద సంచి దించి గట్టు మీద కూర్చుంది. ఇటు తిరిగింది. నోరు తెరిచింది. చప్పుడు లేదు. నది పారుతోంది, బాతు రెక్కలు విదిలిస్తోంది, ఆ చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి. గాడిద మూతి మాత్రం ఊరికే కదులుతోంది.

"సౌండ్ పోయిందా?" అని చిట్టి లేవబోయింది.

"ఉండు."

కత్తెరక్క లెక్కపెడుతోంది. మూత. తెరుపు. చిన్న తెరుపు. మళ్ళీ మూత. అది తను రాసిన పాత మాట కాదు. ఇంతకు ముందెప్పుడూ చూడని కదలిక. పైగా ఎక్కడ తను ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడ ఆగుతోంది. ఆయనెప్పుడూ అలా ఆగేవాడు కాదు, ఒక్క ఊపిరిలో దంచేసేవాడు.

గాడిద మళ్ళీ మొదటికొచ్చి పెదవులు కలిపింది.

"మోశాను," అంది కత్తెరక్క. గొంతు బొంగురుగా, కీచుగా, రెండూ కలిసి వచ్చింది. "మోసినంత మోశాను. సంచి బరువు కాదర్రా, అలవాటు. దించాక ఈ భుజంతో ఏం చేసుకోవాలో తెలీడం లేదు. పోనీ, మీలో ఎవరైనా ఒక ఉత్తరం రాయండి. మాటిస్తున్నాను, తప్పకుండా తప్పింటికే చేరుస్తాను."

చివరి అక్షరం దగ్గర గాడిద మూతి మూసుకుంది. అంగుళం అటూ ఇటూ కాలేదు.

చిట్టి నోరు తెరుచుకుని చూసి, ఫక్కున నవ్వింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అమ్మాయ్! నీ కడుపులో ఇన్ని మాటలున్నాయా?"

"నీ గొంతు గాడిదకి అచ్చు గుద్దినట్టుంది వదినా" అంది మేడమీదావిడ.

"పొగిడావా, తిట్టావా?"

"నాకూ తెలీలేదు. ఆపకు, ఆపకు, అదిగో మళ్ళీ వస్తోంది."

చివరిదాకా గాడిద తన గొంతుతో ఒక్క మాటా అనలేదు. అన్నీ కత్తెరక్కే అంది. కోడిపెట్టతో పోట్లాడింది, నక్క చేతిలో జూలు కత్తిరించుకుని లబోదిబోమంది. సినిమా అయ్యేసరికి చిట్టి నవ్వు ఏడుపులోకి దిగింది.

"నాన్నేడమ్మా?"

కత్తెరక్క పిల్ల తల దగ్గరికి లాక్కుంది.

"జరిగి చోటిచ్చాడే" అంది.

సోమవారం పది కాకముందే ఆమె స్టూడియోలో ఉంది. బెంచీ మీద ముగ్గురు మగాళ్ళు గాడిదలా ఓండ్రపెట్టి సాధన చేసుకుంటున్నారు. ఇన్‌చార్జి ఎదురొచ్చాడు.

"రాస్తారు కదూ?"

"రాస్తా. గాడిద కూడా నేనే చెప్తా."

ఆయన తల గోక్కున్నాడు. "గాడిద మగదండీ."

"మీరు దాన్ని అడిగారా?"

బెంచీ మీద ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. ఇన్‌చార్జి అద్దాల గది తలుపు తీశాడు. మైకు ఎవరో పొడుగాటి మనిషి ఎత్తులో ఉంది. కత్తెరక్క దాన్ని జానెడు దించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

"ఓసారి ట్రయల్ చూసుకుందామా?" అన్నాడు ఇన్‌చార్జి అద్దం అవతల్నించి.

"వద్దు. టేకే."

దీపం ఎర్రబడింది. తెర మీద కొత్త సినిమాలో గాడిద వీధి మలుపు తిరిగి వచ్చి, ఇటు చూసి, ఆగింది. ఆమె నిండుగా ఊపిరి తీసుకునేదాకా ఆగి, అప్పుడు గాడిద నోరు తెరిచింది.