డబ్బా పక్కన ఒక్క కుర్చీ

మా దుకానంల ఒక రివాజు ఉన్నది. పెండ్లి గానీ, బారసాల గానీ, ఏ కార్యమైనా సరే, అయిపోయిన తెల్లారి పొద్దుగాల అందరం గోదాంల కూసోవాలె. చాయ్ తాగాలె. ఏది మంచిగైంది, ఏది తక్కువైంది, మల్లసారి ఏం మార్చాలె, అన్నీ మొకం మీదనే చెప్పాలె. ఎనకకు వోయి గొణిగేటోల్లు నాకు నచ్చరు.

నా పేరు రాజక్క. చంద్రపూర్ల మాది బిచాయత్ కేంద్రం. మండపాలు, కుర్చీలు, సత్రంజీలు, పరుపులు, మైకులు అన్నీ కిరాయికిస్తం. ముప్పై ఏండ్ల సంది ఎన్ని పెండ్లిల్లు చేయించిన్నో లెక్కలేదు. కానీ మొన్న ఆదివారం చేసినసొంటి కార్యం నా బతుకుల చూడలే.

దాన్ని పంక్ సంగీతం పండుగ అంటరట. పెట్టింది నా మేనకోడలు అక్షిత, మా తమ్ముడు సమ్మన్న బిడ్డె. ఆమెకో పాటల గ్యాంగు ఉన్నది. నాగ్‌పూర్, వరోరా దిక్కు నుంచి ఇంకో మూడు గ్యాంగుల్ని పిలిచి, పాత జిన్నింగ్ మిల్లు షెడ్డుల పగటి పూట కార్యక్రమం పెట్టింది. పేరు 'బోంబాబోంబ్'. మరాఠీల బొబ్బలు పెట్టుడన్నట్టు.

"పంక్ అంటే ఏందే?" అన్న.

"రాగం కుదిరేదాకా ఆగుడుండది అత్తా. కోపమొచ్చిందా, అప్పుడే పాడాలె. ఎవ్వరన్న పాడొచ్చు."

"గట్లయితే నేను పుట్టినప్పటి సంది పంకే" అన్న. నవ్వింది. నవ్వి, మల్ల చిన్నబోయింది.

ఎందుకు చిన్నబోయిందో నాకెరుక. బాపు వచ్చి తన పాట ఇనాలె, గదే ఆమె రంది. మా సమ్మన్న బొగ్గు గనిల డ్రిల్ మిషన్ నడిపిండు, ఇరవై ఆరేండ్లు. రిటైరైన ఏడే చెవులు మొత్తం పోయినయ్, తొమ్మిదేండ్లాయె. చెవుల మిషన్ కొనిచ్చినం. మిక్సీ మోత తప్ప ఏం ఇనవడ్తలేదని అల్మారల పడేసిండు. అప్పటి సంది పెండ్లికి రాడు, పేరంటానికి రాడు. ఆ ఇంట్ల అందరు అర్సుకుంటనే మాట్లాడ్తరు. ఆ పిల్ల గొంతు గట్ల తయారైందే బాపును పిలిచి పిలిచి.

మూడుసార్లు అడిగిందట. "నాకేం ఇనవడ్తది? మంది నవ్వుతుంటే మొకాలు జూస్కుంట కూసోవాల్నా?" అని మూడుసార్లు కసిరిండట.

"ఎందుకే వాన్ని సతాయిస్తవ్?" అని నేను గూడ తిట్టిన. "చెవులు లేనోన్ని పాట కాడికి పిలుసుడు ఏం తెలివి?" పిల్ల కండ్లల్ల నీల్లు తిరిగినయ్, తల దించుకున్నది. ఇగ నా కోపం నాకే తిరిగొచ్చింది. తమ్మునింటికి వోయి, మూతి కదిలేది మంచిగ కనవడేటట్టు చెప్పిన: "తమ్మీ, మనుషులు తక్కువున్నరు. రేపు కుర్చీలు చూసుకోను నువ్వు రావాలె. పాట నీకెందుకు, పని చేస్కో." పనంటే కాదనడు. ఒప్పుకున్నడు.

కుర్చీలనంగ యాదికొచ్చింది. నేను రెండు వందల కుర్చీలు తెప్పిచ్చిన, శాటిన్ కవర్లు కట్టించి, నడుమ ఎర్ర సత్రంజి పరిపించిన. అక్షిత నెత్తి పట్టుకున్నది.

"అత్తా, దీంట్ల ఎవ్వరు కూసోరు!"

"కూసోక ఏం జేస్తరు?"

"దుంకుతరు."

"దుంకేటోల్లు దుంకుతరు, కూసునేటోల్లు కూసుంటరు. కుర్చీలు లేంది అదేం కార్యం? ఇజ్జత్ ఉండాలె." ముందల వరుసల, పెద్ద స్పీకర్ డబ్బా పక్కన, సమ్మన్నను కూసోబెట్టిన. పిల్ల తండ్రి ముందల కూసోకుంటే ఎట్ల? ఆయనకేమో కుర్చీలకు కావలుండమని చెప్పిన.

సత్కారం గూడ పెట్టిన. మా దిక్కు సత్కారం లేకుండ సభ మొదలు గాదు. ఒక్కొక్క గ్యాంగుకు శాలువా, కొబ్బరికాయ. వరోరా నుంచి ప్రణాలి అనే పిల్ల వచ్చింది, సగం గుండు, ముక్కుకు రెండు రింగులు. నేను శాలువా కప్పంగనే ఒంగి కాల్లు మొక్కింది. మొత్తం పాట ఆ శాలువా మీదేసుకునే పాడింది, చెమటలు కారినా తియ్యలే. నాకైతే మస్తు ముద్దొచ్చింది.

కానీ ఆ పాట షురూ అయితుంటెనే రెండు వందల మంది లేసిన్రు. నా కుర్చీలు చేతుల మీదికెల్లి చేతులు మారుకుంట ఎనక గోడకు పోతున్నయ్! నాకు మండింది. పాట ఆగంగనే స్టేజీ ఎక్కి మైకు గుంజుకొని అన్న: "ఒక్క కుర్చీ కాలు ఇరిగినా ఒక్కొక్కని కాల్లు ఇరగ్గొడ్త, బద్మాష్ గాల్లారా!" అందరు చప్పట్లు, సీటీలు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అంటరు. నేను గూడ ఒక గ్యాంగనుకున్నరు!

స్టేజీ మీది నుంచి చూస్తే షెడ్డు మొత్తంల ఒక్కటే కుర్చీ మిగిలింది. సమ్మన్నది. కావలుండమన్న గదా, రెండు చేతులతోని గట్టిగ పట్టుకొని కూసున్నడు. దుంకేటోల్లు ఆయన మీద పడకుండ పాట అయిపోయిన ప్రణాలి వచ్చి అడ్డంగ నిలబడ్డది, ఎవ్వరు చెప్పకుండనే.

ఆఖరుకు అక్షిత ఎక్కింది. ఆమె పాటల మాటలన్నీ మా తమ్మునింట్ల రోజు అర్సుకునేవే. "బాపూ! అన్నం తిన్నవా! బాపూ! గోలీలేసుకున్నవా! బాపూ! కరెంటొచ్చింది, పంకేసుకో!" గంతే పాట. ఎన్కకెల్లి డ్రమ్ములు దబదబ. మరాఠీ పోరలు గూడ 'బాపూ' అని బొబ్బలు పెట్టుకుంట దుంకుతున్నరు. నేనైతే సమ్మన్నను చూసిన. కండ్లు మూసుకొని కూసున్నడు. నిద్రపోయిండేమో అనుకున్న, పాణం చివుక్కుమన్నది.

నడుమ డ్రమ్ములు ఒక్కసారి ఆగినయ్. పిల్ల పాణమంత గొంతులకు తెచ్చుకొని ఒక్కతే అరిసింది: "బాపూ!"

"ఏందే!" అన్నడు సమ్మన్న.

ఇంట్ల పలికినట్టే పలికిండు, షెడ్డు దద్దరిల్లెటట్టు. కండ్లు ఇంక మూసుకునే ఉన్నయ్. అక్షిత మైకు పట్టుకొని అట్లనే నిలబడ్డది, తర్వాతి మాట మరిచింది. తర్వాత పోరలందరు ఒక్కసారి మొత్తుకున్నరు. పాట మల్ల షురూ అయింది. ఆమె 'బాపూ' అన్నప్పుడల్లా రెండు వందల మంది 'ఏందే' అన్నరు. నేను గూడ అన్న. ఏడ్సుకుంట అన్న, ఏం దాచాలె?

తెల్లారి గోదాంల కూసున్నం, రివాజు ప్రకారం. నేను, అక్షిత, ఆమె తల్లి రుక్మిణి, మైకుల ఎల్లేష్, షెడ్డు ఖామందు వినాయక్ భావు. సమ్మన్న సత్రంజి చుట్టకు ఆనుకొని కూసున్నడు. అక్షిత నోట్‌బుక్కుల మరాఠీల రాస్తున్నది.

మంచివి మస్తు చెప్పుకున్నం. శాలువా బాగుందన్నరు. నా తిట్లు బాగున్నయన్నరు. రుక్మిణి వండిన ఖిచిడీ తక్కువ పడ్డదన్నరు, మల్లసారి ఇంకో గంజు పెట్టాలె. ఆడపిల్లలకు బట్టలు మార్చుకోను పర్దా కట్టాలె. కుర్చీలు వద్దు. ఆ మాట నేనే చెప్పిన, ఇష్టం లేకపోయినా.

అప్పుడు వినాయక్ భావు గొంతు సవరించుకున్నడు. "ఆవాజ్ సగానికి తగ్గాలె. మా కాలనీల కిటికీలు గదిలినయ్, అందరు నన్ను అడుగుతున్నరు. తగ్గియ్యకుంటే వచ్చే ఏడు షెడ్డియ్య."

"డబ్బాలు గూడ కాలినయ్" అన్నడు ఎల్లేష్.

"నాకు ఇంకా తల నొస్తనే ఉంది" అన్నది రుక్మిణి.

షెడ్డు ఆయనది. అక్షిత తల దించుకొని రాసింది, ఆవాజ్ తగ్గియ్యాలె అని.

సమ్మన్న చెయ్యి చాపి నోట్‌బుక్కు తీసుకున్నడు. చదివిండు. ఆయన చదువుకున్నది మరాఠీ బడిలనే.

"తగ్గియ్యకుండ్రి" అన్నడు. "నిన్న డబ్బా పక్కన కూసుంటే కుర్చీ కాల్లకెల్లి అదురు ఒస్తుండె, ఈడిదాంక." పక్కటెముకల మీద చెయ్యి పెట్టిండు. "డ్రమ్ముల మోత ఆగింది. అప్పుడు వేరే దెబ్బ వచ్చింది, రెండు ముక్కలు. బా, పూ. మీరు పిలిస్తే నేను మూతి జూసి తెలుసుకుంట. తొమ్మిదేండ్లాయె, పిలుపు నాకు కంటితోనే. నిన్న కండ్లు మూసుకున్నా తెలిసింది."

ఆయన నోట్‌బుక్కు కింద పెట్టి కండ్లు మూసుకున్నడు. "బిడ్డా, ఇప్పుడు పిలువు" అన్నడు.

అక్షిత ఆయన ముందల మోకాల్ల మీద కూసున్నది. ఊపిరి గుంజుకొని పిలిచింది. "బాపూ!" గోదాం రేకులు గదిలినయ్. బయట రోడ్డు మీద పోయేటోడు ఆగి తొంగి చూసిండు.

సమ్మన్న అట్లనే కూసున్నడు, ఎదురుచూసుకుంట. కొంచెం సేపైనంక కండ్లు తెరిచిండు.

"పిలిచినవా?" అన్నడు.

అక్షిత ఔనని తలూపింది. ఆయన ఆమె చెంప తుడిచిండు.

వినాయక్ భావు చాయ్ గిలాస కింద పెట్టిండు. "రాజక్కా, నీ దగ్గర పరుపులెన్ని ఉంటయ్?"

"నూటయాభై."

"మా కాలనీ దిక్కు గోడకు అన్నీ కట్టు. నాలుగు కొట్టంగనే బంద్ చెయ్యాలె. ఆవాజ్ ఉండనియ్."

అక్షిత రాసిన ముక్క కొట్టేసింది. దాని కింద రాసింది: కుర్చీలు వద్దు. డబ్బా పక్కన ఒక్కటి ఉంచాలె.

ఆ ఒక్క కుర్చీకి శాటిన్ కవర్ కట్టుడు మాత్రం నేను బంద్ చెయ్య. పంకోల్లు ఏమన్న అనుకోనియ్.