ముహూర్తం దాటిన దర్వాజ

దర్వాజ నిలబెట్టే రోజు పొద్దున్నే వడ్ల నరహరి పదివేలు ఎక్కువ అడిగాడు. అదీ ఎక్కడ? సైదమ్మ కొత్త ఇంటి పునాది మీద, పసుపు రాసిన గడప ముందు, చుట్టాలందరూ వినేటట్టు. అడగడానికి అంతకంటే మంచి సమయం ఏ వడ్రంగికీ దొరకదు మరి. చేతిలో పదివేలు ఉండి ముహూర్తం దాటనిచ్చే మనిషి కేతేపల్లిలో ఇంకా పుట్టలేదని అతని ధీమా.

"కర్ర రేటు పెరిగిందక్కా. పోయిన వారం సూర్యాపేట కర్ర అడితిల రేటు వింటే నాకు కండ్లు తిరిగినయి. పదివేలు పెట్టు, గిప్పుడే నిలబెడత," అన్నాడు. పనిముట్ల సంచిని భుజం మీది నుంచి దించనే లేదు.

సైదమ్మకు కడుపు మండింది. ఇదే మనిషి దీపావళి నాడు ఆమె అరుగు మీద కూర్చుని, టేకు దర్వాజకు ముప్పై వేలని గుత్త మాట్లాడుకున్నాడు. గుత్త అంటే గుత్తే. కర్ర, కూలి, లాభం, నష్టం అన్నీ చేసేవాడివే. ఇచ్చేవాళ్లకు ఒక్కటే అంకె. ఆ అంకెలో సగం బయానాగా తీసుకుని, టీ తాగి మరీ వెళ్లాడు.

ఆమె దగ్గర డబ్బు లేక కాదు. రెండు బర్రెలను అమ్మిన డబ్బు పెట్టెలో ఉంది. కానీ అది స్లాబు ఇనుముకు. అందులో చెయ్యి పెడితే గోడలు లేస్తాయి గాని నెత్తిన కప్పు పడదు. పాత రేకుల ఇంటిని కూల్చుకుని, ఒక్క గది కిరాయికి తీసుకుని, వానల లోపు కొత్త ఇంట్లో పడాలని ఇంటిల్లిపాదీ కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు.

భర్త ఎల్లస్వామి మెత్తని మనిషి. "మంచి పూట లొల్లి ఎందుకే? ఇచ్చేద్దాం," అని గొణిగాడు. తమ్ముడు హనుమంతు ముందుకొచ్చి, "అక్కా, ముహూర్తం తప్పితే అరిష్టం. సగం నేనిస్త," అన్నాడు.

"నువ్వు సగమిస్తే తక్కిన సగం నేను ఒప్పుకున్నట్టే గద తమ్మీ," అని సైదమ్మ నరహరి వైపు తిరిగింది. "చారీ, బయానా ఎప్పుడు తీసుకున్నవ్?"

"దీపావళికి."

"మరి కర్ర పోయిన వారం దాక ఎందుకు కొనలే?"

నరహరి సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "బయానా పైసలు బిడ్డ కాలేజీ ఫీజుకు పోయినయక్కా," అన్నాడు.

సైదమ్మకు ఒక్క క్షణం జాలి వేసింది. తన కూతురు ప్రవళిక ఫీజుకు ఆమె కూడా పుస్తెలతాడు కుదువపెట్టింది. కానీ జాలి వేరు, గుత్త వేరు.

"గా మాట అప్పుడే వచ్చి చెప్తే ఒక తీరు. గిట్ల నలుగుట్ల మెడ మీద కత్తి పెట్టి అడిగితే ఇంకో తీరు. దర్వాజ పైన తామరపూలు నేను తర్వాత చెక్కమన్న. అవి గుత్తల లేవు. వాటికెంత?"

"రెండు వేలు."

"ఇస్త. నేనడిగింది నాది, నువ్వొప్పుకున్నది నీది. పదివేలు మాత్రం ఇయ్య."

"అయితే నేను నిలబెట్ట."

"నిలబెట్టకు," అంది సైదమ్మ. "ప్రవళికా, ఆకులెయ్యి బిడ్డా. అందరు తినుండ్రి."

జనం నోళ్లు తెరిచారు. ఆమె నరహరిని కూడా కూర్చోబెట్టింది. ఇంటి మీదికి వచ్చిన మనిషిని ఆకలితో పంపే అలవాటు ఆమెకు లేదు. బగారన్నం, వంకాయ కూర వడ్డించింది. ముహూర్తం పెట్టిన అయ్యగారు గడియారం చూసి, సైదమ్మ ముఖం చూసి, మళ్లీ గడియారం చూశాడు. ఇంటికి ఏదైనా కీడు జరిగితే ఊరంతా తననే అంటుందని సైదమ్మకు తెలుసు. భయపడుతూనే వడ్డించింది. నరహరి ఆకులో చారు పోస్తుండగా ముహూర్తం దాటిపోయింది.

అప్పుడామె, నరహరికి పెట్టడానికి తెచ్చిన కొత్త బట్టలను పళ్లెంలోంచి తీసి సంచిలో పెట్టేసింది. బట్టల కింద ఉన్న చిన్న కాగితం పొట్లాన్ని మాత్రం తీసి కొంగున ముడివేసుకుంది.

"మళ్ల మంచి రోజు ఎప్పుడుంది అయ్యగారు?"

"వచ్చే వారం ఏం లేవమ్మా. ఆ పై వారం బుధవారం ఉంది."

"ఆ బుధవారమే కానియ్యుండ్రి. చారీ, గీ దర్వాజ మా ఆయన పేరు మీద ఆయం చూసి కొలత పెట్టినవ్. గీ లోపల ఇంకెవరన్న కొంటరేమో అడిగి చూడు. కొంటే నా బయానా నాకియ్యి."

ఒకరి పేరుకు కలిసొచ్చే వాస్తు లెక్కతో, అంటే ఆయంతో, కొలిచి చేసిన దర్వాజను ఇంకొకరు ఉచితంగా ఇచ్చినా పెట్టుకోరు. ఆ సంగతి నరహరికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

పని ఆగిపోయింది. మేస్త్రీ వేరే ఇంటి పనికి పోయాడు. ఊళ్లో సైదమ్మ మొండితనం గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు. ఎల్లస్వామి ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆమె మాత్రం రోజూ సాయంత్రం పునాది దగ్గరికి వెళ్లి, అక్కడ పడుకోబెట్టిన దర్వాజ మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా సరిచేసి వచ్చేది.

ఆ బుధవారం అయ్యగారి కంటే ముందే నరహరి వచ్చాడు. సంచి దించాడు. పదివేల మాట ఎత్తలేదు. గడప కింద నవధాన్యాలు పోశారు, కొబ్బరికాయ కొట్టారు, దర్వాజ నిటారుగా నిలబడింది. నిజం చెప్పాలంటే తామరపూలు చూడముచ్చటగా ఉన్నాయి. సైదమ్మకు కళ్లు చెమర్చాయి.

ఆమె పళ్లెంలో ధోవతి, చొక్కా బట్ట, మిగిలిన పదిహేను వేలు, పూల కూలి రెండు వేలు పెట్టి ఇచ్చింది. నరహరి లెక్క చూసుకున్నాడు. దర్వాజ నిలబెట్టిన వడ్రంగికి ఇంటివాళ్లు కూలి కాకుండా తమ ఇష్టంగా ఎంతో కొంత కట్నం పెట్టడం ఆనవాయితీ. అతని వేళ్లు ఊరికే ధోవతి కిందికి వెళ్లి వచ్చాయి.

"ఆ రోజు ఉండె చారీ," అంది సైదమ్మ మెల్లగా, అతనికి మాత్రమే వినపడేటట్టు. "నీకని మూడు వేలు పొట్లం కట్టి బట్టల కిందనే పెట్టిన. పని వెనక్కి పడ్డది, కిరాయి ఇంట్ల ఇంకో నెల ఉండాలె. అవి ఆ కిరాయికి కట్టిన."

నరహరి తల వంచుకుని పళ్లెం కళ్లకద్దుకున్నాడు. సైదమ్మ కొత్త గడప దాటి లోపలికి నడిచి, గోడ మొదలుపెట్టమని తిరిగొచ్చిన మేస్త్రీకి చెప్పింది.