కత్తక్క నడుము

నొప్పి వచ్చిన క్షణంలో కత్తక్క చేతిలో కత్తి గాల్లో ఉంది. మొద్దు మీద మేక తొడ ఉంది. దెబ్బ ఎక్కడ పడాలో కంటికి కనిపిస్తూనే ఉంది. అంతలో నడుము కింద ఎవరో ఇనప కొక్కెం దిగేసి గుంజినట్టయింది. ఆ గుంజుడు పిర్రలోంచి తొడ వెనకగా పిక్కలోకి దిగి, కాలి బొటనవేలిదాకా నిప్పులా పరిగెత్తింది. కత్తి దిగింది కానీ తొడ మీద కాదు. ఎడమచేతి బొటనవేలి పక్క కండ తెగి పొరలా వేలాడింది.

కొట్టు ముందు నిలబడ్డ ఆడమనిషి కెవ్వుమంది. కత్తక్క మాత్రం కేక పెట్టలేదు. మొద్దును రెండు చేతులా వాటేసుకుని, దాని అంచు మీద నుదురు ఆనించి, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టింది. తిట్టింది వేలిని కాదు, నడుమును.

"మళ్లీ వచ్చిందా?" అన్నాడు త్రాసు దగ్గరున్న మొగుడు.

"లేదు, చుట్టపుచూపుగా తొంగిచూసి పోయింది. ముందు గుడ్డ తే!"

అతను గుడ్డ తెచ్చాడు గానీ మొహం పక్కకు తిప్పుకునే ఇచ్చాడు. రక్తం చూస్తే అతనికి కళ్లు తిరుగుతాయి. అందుకే ఆ మాంసం కొట్టులో తూకం, గల్లాపెట్టె, కబుర్లు అతనివి. మేకను భుజానికెత్తుకొచ్చి కొక్కేనికి వేలాడదీయడం, కోయడం, కొట్టడం ఆమెవి. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. వీధిలో అందరూ ఆమెను కత్తక్క అంటారు. చేతిలో కత్తి ఉన్నందుకు కొందరు, నోట్లో ఉన్నందుకు కొందరు. "నా కొడుకు పెళ్లి చేసుకోలేదమ్మా, కాపలా పెట్టుకున్నాడు" అని అత్త ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది, కోడలికి వినపడేంత గట్టిగానే.

ఈ నడుంనొప్పి కొన్నేళ్లుగా ఉన్నదే. మొదట్లో వచ్చినప్పుడు రెండు మూడు రోజులు మంచాన పడేసి పోయేది. పోయాక నెలల తరబడి జాడ ఉండేది కాదు. పీడ విరగడైందనుకునేలోగా మళ్లీ దిగేది, పోయినసారి కన్నా కసిగా. ఆమె తిరగని చోటు లేదు. మొదటి డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "బరువు తగ్గండమ్మా. ఈ వయసు ఆడవాళ్లందరికీ ఉండేదే" అన్నాడు. రెండో డాక్టరు ఇచ్చిన మాత్రలకు కడుపు మండిపోయింది, నడుము మాత్రం అలాగే ఉంది. మూడో ఆయన ఎక్స్‌రే తీయించి, ఎముకలు బాగున్నాయని చెప్పి, "మనసులో ఏమైనా దిగులుందా?" అని అడిగాడు.

"ఉంది" అంది కత్తక్క. "నువ్వు డాక్టరువేనా అని."

ఇంట్లో అత్తది ఇంకో పాట. "పేడెత్తి, పిండి రుబ్బి, నలుగుర్ని కని పెంచాను. ఏనాడైనా నడుం పట్టుకుని కూచున్నానా? ఇదంతా నటన." కత్తక్కకు ఆ మాట నొప్పి మీద కారం చల్లినట్టు ఉండేది.

వేలికి కుట్లు పడ్డాక ఆమె కొట్టుకు పోలేకపోయింది. నేల మీద చాప వేసుకుని పడుకుంది. పక్కకు తిరిగితే ఒక పోటు, దగ్గితే ఒక పోటు. తుమ్ము వస్తుందేమోనని భయపడి ముక్కు నులుముకుంటూ ఉండేది. నిద్ర లేదు. నిద్ర లేని మనిషికి ఇంటి చప్పుళ్లన్నీ పగవాళ్లయ్యాయి. కుళాయి చుక్కలు, మొగుడి చెప్పుల టపటప, అత్త గొణుగుడు. ఒక పొద్దున చెంబు విసిరితే అద్దం పగిలింది. ఇంకో పొద్దున, "కాస్త అటు తిరిగి పడుకో" అన్న పాపానికి మొగుడి మెడ పట్టుకుంది. అతను ఊపిరాడక ఎర్రబడ్డాడే గానీ చేయి ఎత్తలేదు. వదిలేశాక దగ్గుతూ వంటింట్లోకి పోయి నీళ్లు తాగాడు. ఆ మెడ మీద ఆమె వేళ్ల గుర్తులు సాయంత్రానికి నీలంగా తేలాయి.

అసలు ఘోరం మర్నాడు జరిగింది. కత్తక్క లేవాలని చాప మీద మోకాళ్లు, చేతులు ఆనించి, మంచం కోడు పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంది. బడి నుంచి వచ్చిన కూతురు సంచీ పడేసి, అమ్మ గుర్రం ఆట ఆడుతోందనుకుంది. వెనక నుంచి ఒక్క ఉరుకులో వీపు మీద ఎక్కింది.

కత్తక్కకు కళ్లముందు తెల్లగా మెరిసింది. తనేం చేస్తోందో తెలిసేలోగా చేయి వెనక్కి తిరిగిపోయింది. మేకల్ని ఎత్తి ఎత్తి రాటుదేలిన చేయి. పిల్ల గాల్లో లేచి ద్వారబంధానికి కొట్టుకుంది. పై పెదవి చీలింది. ముందుపన్ను ఒకటి ఊడి నేల మీద పడింది. అంతటితోనూ ఆగలేదు ఆమె. "చంపేస్తానే!" అంటూ పాక్కుంటూ పోయి పిల్ల కాలు పట్టుకుని లాగింది. పిల్ల ఏడవలేదు. రక్తం కారుతున్న నోటితో తల్లి మొహం వంక చూస్తూ, రెండు చేతులతో ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది.

అత్త పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న చీపురుకట్ట తిరగేసి కోడలి మణికట్టు మీద బలంగా కొట్టింది. పట్టు వదిలింది. మనవరాలిని చంకనేసుకుని తన గదిలోకి పోయి గడియ పెట్టింది.

"ఇంకోసారి దీని మీద చెయ్యి పడిందా, నీ కత్తితోనే నరుకుతా ఆ చెయ్యి!" అని లోపలి నుంచి అరిచింది.

కత్తక్క చాప మీద బోర్లా పడి ఉంది. నేల మీది పన్ను ఆమె కళ్లకు దగ్గరగా ఉంది. చాలాసేపటికి, "నరకండి అత్తయ్యా" అంది. ఆ గొంతు విని అత్త లోపల ఉలిక్కిపడింది. ఈ కోడలు తనకు ఎదురు చెప్పకపోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే మొగుడు ఆటో తెచ్చాడు. తన స్నేహితుడి నడుము ఒక్క దెబ్బతో సరిచేసిన మనిషి ఒకడున్నాడట. ఎముకలు విరిగితే కట్టు కట్టేవాడు. ఆసుపత్రుల్లో వాళ్లు ఏళ్ల తరబడి చేయలేనిది అతను చిటికెలో చేస్తాడట. కత్తక్కకు నమ్మకం లేదు. కానీ పిల్ల ఉన్న ఇంట్లో ఇంకో రోజు ఈ నొప్పితో ఉండే ధైర్యం అంతకన్నా లేదు.

కట్లవాడి గది నిండా నూనె కంపు. బల్ల మీద ఆమెను బోర్లా పడుకోబెట్టి, నడుము మీద వేళ్లతో తడిమి, "పూస పక్కకు జరిగింది. ఇట్టే ఎక్కించేస్తా" అన్నాడు. మోకాలు వెన్ను మీద మోపాడు. రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి విరిచి, ఒక్కసారిగా మెలితిప్పాడు.

లోపల ఏదో పుటుక్కుమంది.

ఆమె పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మోచేయి వెనక్కి విసిరింది. అది అతని ముక్కు మీద పడి ఎముక చితికింది. అతను రక్తం కారుతూనే ఆమె జుట్టు పట్టుకుని బల్ల మీంచి లాగాడు. ఆమె అతని చేతిని కొరికింది. వదలలేదు. మొగుడు మధ్యలో దూరి ఇద్దరి దెబ్బలూ తిన్నాడు. కళ్లెదుటే రక్తం కారుతున్నా, ఈసారి మాత్రం మొహం తిప్పుకోలేదు. పెళ్లాం నడుము చుట్టూ చేతులు వేసి ఎలాగో బయటికి ఈడ్చుకొచ్చాడు.

ఆటో దగ్గరికొచ్చాక చూసుకుంటే ఆమె కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియలేదు. పాదం పైకెత్తబోతే లేవలేదు. గుడ్డముక్కలా వేలాడుతోంది. విచిత్రంగా, నొప్పి కూడా కాస్త తగ్గింది.

"చూశావా, పని చేసింది!" అన్నాడు మొగుడు వాచిన పెదాలతో.

కత్తక్క తన పాదం వంకే చూసుకుంది. ఆమెకు భయమేసింది.

మధ్యాహ్నానికి ఆ భయం పెరిగింది. ఆసుపత్రికి పదమంది. అత్త పిల్లను పక్కింట్లో వదిలి తనూ బయల్దేరింది. "నేనెందుకంటావా? వీడు అక్కడ ఎవరితోనూ మాట్లాడలేడు, నువ్వు మాట్లాడితే పోలీసులొస్తారు" అంది.

అత్యవసర విభాగంలో కుర్ర డాక్టరు ఒకడు ఉన్నాడు. కళ్ల కింద నలుపు, చొక్కా మీద ఎవరిదో వాంతి మరక. వరండాలో చక్రాల మంచం మీదున్న కత్తక్కను దూరం నుంచే చూశాడు. "నడుంనొప్పేగా? ఇంజెక్షన్ వేయిస్తా. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి" అని ఇంకో మంచం వైపు పోయాడు.

అప్పుడు కత్తక్క అత్త చేయి పట్టుకుని కిందికి లాగింది. మొగుడు వేరేవైపు చూస్తుండగా, చెవిలో అంది.

"అత్తయ్యా, పొద్దుటి నుంచీ ఒంటికి రాలేదు. కడుపు ఉబ్బిపోయి ఉంది, అయినా వస్తున్నట్టే తెలీట్లేదు. కింద... అక్కడంతా మొద్దుబారిపోయింది. చెయ్యి పెట్టినా తెలీడం లేదు."

అత్త మొహం మారిపోయింది. ఇది నటన కాదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గిరుక్కున తిరిగి, కుర్ర డాక్టరు చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

"ఏమయ్యా, ముట్టుకుని చూశావా నువ్వు దాన్ని? ఒక్కసారైనా ముట్టుకున్నావా?"

"అమ్మా, వదలండి. ఇక్కడ ప్రాణాల మీదికొచ్చినవాళ్లున్నారు."

"ఇదీ ప్రాణమే! చూసేదాకా వదల్ను!"

గార్డు వచ్చాడు. ముసలామె చేయి మెలితిప్పి గుమ్మం వైపు ఈడ్చాడు. ఆమె చేతిసంచీతో అతని మొహం మీద బాదింది. అతను ఒక్క తోపు తోస్తే ఆమె గోడకు కొట్టుకుని కింద కూలింది. తెల్ల జుట్టు ముడి ఊడిపోయింది.

కత్తక్క మంచం మీంచి లేచింది. ఎలా లేచిందో ఆమెకూ తెలియదు. రెండు అడుగులు పడ్డాయి. మూడో అడుగులో కుడికాలు మడతపడింది. పడుతూ పడుతూ గార్డు మీద పడి, అతన్నీ నేలకు తెచ్చింది. కాలర్ పట్టుకుని అతని తలను నేలకేసి కొట్టింది. "ముసలిదాని మీద చెయ్యేస్తావురా!" అతను లాఠీతో ఆమె భుజం మీద, వీపు మీద ఎడాపెడా బాదాడు. మొగుడు వచ్చి ఆ లాఠీకి అడ్డంగా తన వీపు పెట్టాడు.

"ఆపండి!"

మెట్ల దగ్గర పొట్టి జుట్టు ఉన్న పెద్దావిడ నిలబడి ఉంది. ఆపరేషన్లు చేసే డాక్టరు. నేరుగా వచ్చి కత్తక్క పక్కన నేల మీదే మోకాళ్లూనింది. "మీరు పడేటప్పుడు చూశాను. ఆ పాదం ఎప్పటి నుంచి లేవట్లేదు?"

"పొద్దుటి నుంచి."

"ఒంటికి?"

కత్తక్క కళ్లు మూసుకుంది. "రాలేదు." ఇన్నేళ్లలో డాక్టరన్నవాళ్లెవరూ ఆమెను ఆ మాట అడగలేదు.

తెర లాగించి, సన్నటి సూదితో పాదం నుంచి పైదాకా తాకుతూ వచ్చింది పెద్ద డాక్టరు. ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ, ఇక్కడ? చాలాచోట్ల కత్తక్క తల అడ్డంగా ఊపింది. వెంటనే స్కాను తీయించారు. కంప్యూటరు తెర మీద బొమ్మ చూపిస్తూ డాక్టరు చెప్పింది. "పూసల మధ్య మెత్తటి దిండు లాంటిది ఉంటుంది. మీది చాలాకాలంగా చిట్లుతూ వచ్చి, ఇప్పుడు పూర్తిగా బయటికొచ్చి నరాల కట్టను నలిపేస్తోంది. ఇప్పుడే తీసేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ తిరిగొచ్చేది తగ్గిపోతుంది."

కత్తక్క ఆ బొమ్మలో పూసల్ని గుర్తుపట్టింది. ఇన్నేళ్లూ మొద్దు మీద అలాంటివి ఎన్నింటినో చీల్చింది.

"మళ్లీ మామూలుగా నడుస్తానా?"

"కాలినొప్పి పోతుందని చెప్పగలను. పాదం సంగతి, ఒంటికి వెళ్లే సంగతి మాట ఇవ్వలేను."

"పిల్లని కొట్టకుండా ఉండేంత తగ్గితే చాలు" అంది కత్తక్క. డాక్టరు కాసేపు ఆమె భుజం మీద, లాఠీ దెబ్బ లేనివైపు, చేయి ఉంచింది. సాయంత్రానికే ఆపరేషన్ చేశారు.

మెలకువ వచ్చాక కోత పెట్టిన చోట మంట ఉంది. కాల్లో నిప్పు మాత్రం లేదు. ఎప్పుడు మళ్లీ మండుతుందోనని చాలాసేపు కదలకుండా ఎదురుచూసింది. మండలేదు. అప్పుడు ఏడ్చింది. పక్కన అత్త, నుదుటి మీద బొప్పితో, బల్లకు ఆనుకుని గురక పెడుతోంది.

మిగతాదంతా నెమ్మదిగా జరిగింది. మూత్రానికి పెట్టిన గొట్టం తీశాక ఒంటికి తనంతట తాను వెళ్లడానికి వారాలు పట్టింది. పాదానికి పట్టీ కట్టుకుని నడవాల్సి వచ్చింది. వేళ్లు కదిలాయి గానీ పాదం పూర్తిగా లేవలేదు. కసరత్తులు చేయించే అమ్మాయి ఎలా వంగాలో, ఎలా లేవాలో, ఎప్పుడు ఆగాలో నేర్పింది. కత్తక్క ఆమెను కూడా తిట్టింది, కానీ చెప్పినవన్నీ చేసింది. కొట్టులో కోతకు మనిషిని పెట్టారు. అతని కోత చూసి ఆమె రోజూ తల కొట్టుకుంటుంది. గార్డు మీద ఆసుపత్రి ఏ చర్యా తీసుకోలేదు, వీళ్ల మీదా తీసుకోలేదు. అత్త ఇప్పుడు వీధిలో, "నా కోడలు ఒంటికాలి మీద లేచి వాణ్ని నేలకేసి కొట్టిందమ్మా" అని చెప్పుకుంటోంది.

కూతురు మాత్రం నాయనమ్మ గదిలోనే పడుకుంటోంది. పెదవి మీద సన్నటి గీత మిగిలింది. తల్లి చేయి ఎత్తి దువ్వెన అందుకున్నా భుజాలు ముడుచుకుంటుంది. ఒకరోజు కత్తక్క ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నొప్పి వల్లే కొట్టాను. కానీ కొట్టింది నేనే. నువ్వేం తప్పు చెయ్యలేదు."

"నొప్పి మళ్లీ వస్తుందా?"

"కొంచెం రావచ్చని చెప్పారు."

"అప్పుడు మళ్లీ కొడతావా?"

కొట్టనని అనబోయి ఆగింది కత్తక్క. "వచ్చిన రోజు ముందే చెప్తా. నువ్వు దగ్గరికి రావద్దు."

పిల్ల ఆలోచించి, సరేనని లేచి వెళ్లిపోయింది.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం నడుము పట్టేసింది. పాతదానిలో సగం కూడా లేదు. అయినా పళ్లు బిగుసుకున్నాయి, పిడికిళ్లు బిగుసుకున్నాయి. కత్తక్క గుమ్మంలో నిలబడి, ఇంట్లో అందరికీ వినపడేలా, "ఇవాళ వచ్చింది!" అని అరిచింది. కసరత్తుల అమ్మాయి నేర్పినట్టు నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలసాగింది. మొగుడు రేడియో కట్టేశాడు. అత్త వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపింది.

కాసేపటికి కూతురు ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతల కూర్చుని, "ఎంత ఉంది?" అని అడిగింది.

"ఉంది. మొన్నటిలా మాత్రం లేదు."

"నీళ్లు కావాలా?"

"కావాలి."

పిల్ల వెళ్లి గ్లాసు తెచ్చింది. గడప దాటకుండానే చేయి చాపి, దాన్ని గచ్చు మీద తల్లి వైపు తోసింది. గ్లాసు జరుగుతూ జరుగుతూ సగం నీళ్లు ఒలికి, చేతికందేంత దూరంలో ఆగింది. కత్తక్క పడుకునే చేయి చాపి అందుకుని, మిగిలిన నీళ్లు తాగింది.