ఈ ఏడు ఎవరి వంక?

కళ్లద్దాల షాపుకి బయల్దేరే ముందు ఆమె రోజూ కిటికీ దగ్గరి కుండీలో చూపుడువేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూస్తుంది. మన్ను తడిగా ఉంటే చెంబు పక్కన పెట్టేస్తుంది. కాక్టస్‌లు దాహంతో కన్నా మన గారాబంతోనే ఎక్కువ చస్తాయి.

ఆ మొక్క ఆమె చేతి పంట. తెల్లపువ్వుల కాక్టస్ పుప్పొడిని పాత బ్రష్షుతో ఎర్రపువ్వుల దానికి అద్ది, కాయ పండాక గింజలు నాటి, ఐదేళ్లు ఓపిక పట్టింది. ఏడాదికి ఒక్కటే పువ్వు, గులాబీకీ నారింజకీ మధ్య రంగు. పొద్దున్నే విచ్చుకుంటుంది. అప్పుడు అది ఎవరి వంక చూస్తే వాళ్లు నెల తిరక్కుండా ఇల్లు వదిలి, తమకు నచ్చిన పనిలోకి వెళ్లిపోతారు. మొదటిసారి తమ్ముణ్ణి చూసింది. వాడు ఓడలో వంటవాడయ్యాడు. మరుసటేడు, వారం ఉండి పోదామని వచ్చి ఆరేళ్లుగా తిష్ఠ వేసిన పిన్నిని చూసింది. ఆవిడ యాభై దాటాక టైలరింగ్ షాపు తెరిచింది. మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆవిడ కూడా, వాన పడేలా ఉందా అన్నంత మామూలుగా అడిగేది, "ఈ ఏడు ఎవరి వంకమ్మా?" అని.

ఇంట్లో మిగిలింది ఆమె, నాన్న. ఈసారి మొగ్గ ఆమె వంకే తిరిగింది. అదే వారం ఉత్తరం వచ్చింది. దూరపు ఊళ్లో ఓ నర్సరీవాళ్లు ఆమె పువ్వు ఫోటో చూసి, కొత్త రకాలు పుట్టించే ఉద్యోగం ఇస్తాం, ఒకటో తేదీకల్లా చేరమన్నారు. పదేళ్లుగా షాపులో అద్దాలు తుడుస్తున్న మనిషి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకుంది. కానీ నాన్న? ప్రెస్సులో ముప్పై ఏళ్లు అక్షరాలు పేర్చిన ఆ కళ్లకి ఇప్పుడు పాలు పొంగడం కూడా కనబడదు.

ఉత్తరాన్ని అల్మరాలో దుప్పట్ల కింద దాచింది. తర్వాత, మొక్కలు పెంచేవాళ్లెవరూ చేయని పని చేసింది. మొగ్గ తొడిగిన కాక్టస్‌ని కదపకూడదు, వెలుతురు దిక్కు మారితే మొగ్గ రాలిపోతుంది. తెలిసే, కుండీని గోడవైపు తిప్పేసింది.

"నన్ను చూడకే, నీకు పుణ్యముంటుంది" అని ఏడ్చింది.

మొగ్గ రాలలేదు. ఆదివారం పొద్దున ఆమె లేచి వచ్చేసరికి పువ్వు విచ్చుకుని ఉంది. గోడకీ కుండీకీ మధ్య ఇరుకు సందులో కుర్చీ ఇరికించుకుని, మోకాళ్లు ముడుచుకుని నాన్న కూర్చున్నారు. పువ్వు నేరుగా ఆయన మొహంలోకి చూస్తోంది.

"అక్కడేం చేస్తున్నావు నాన్నా?"

"కూర్చున్నా."

"కావాలనే కూర్చున్నావు."

"నా కుర్చీ, నా ఇష్టం. చలేసి దుప్పటి తీస్తే ఉత్తరం దొరికింది. భూతద్దం పెట్టి చదివాను. కుండీ తిరిగి ఉండటం చూశాక మిగతాదీ అర్థమైంది."

"నువ్వెక్కడికి వెళ్తావు?"

"మా ప్రెస్సు బైండింగువాడి ఇంటికి. మూడేళ్లుగా రమ్మంటున్నాడు. కాగితాలు మడత పెట్టడానికి కళ్లెందుకు, వేళ్లు చాలు అంటాడు. ఇంటినిండా మనుషులే, నన్ను చూసుకోవడానికి."

"మరి మూడేళ్లూ ఎందుకు వెళ్లలేదు?"

"నిన్నొక్కదాన్నీ వదిలేసా?"

ఒకరికొకరు కాపలా కాసుకుంటూ ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే ఉండిపోయారన్నమాట. ఆమెకి ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే ఆయన మీద పట్టలేనంత ప్రేమ వచ్చి, సందులోకి చేయి చాచి ఆయన్ని లేవదీసింది.

ఇరవయ్యో తేదీన బైండింగు ఆయనే వచ్చి నాన్నని తీసుకెళ్లాడు. బస్సు కదిలాక ఆమె ఇంటికి వెళ్లలేదు. పోస్టాఫీసులో బల్ల దగ్గర నిలబడి, వస్తున్నానని నర్సరీకి రాసింది. కవరు అతికించి కిటికీలోంచి ఇస్తే గుమాస్తా తిప్పి చూశాడు.

"పంపేవాళ్ల చిరునామా రాయలేదండీ."

ఆమె కవరు వెనక్కి తీసుకుని, పైన రాసిన నర్సరీ చిరునామానే కింద కూడా రాసి ఇచ్చింది.