దల్వినా చెవిలో నేను

నేను ఒక శనగగింజంత యంత్రాన్ని. చెవిలో దూరి కూర్చోవడం నా ఉద్యోగం. నాటకాల్లో తెర పక్కన ఒకరు నిలబడి నటులకు మాట అందిస్తారు చూడండి, టీవీ వాళ్ళకు ఆ పని నేను చేసేదాన్ని. బ్రెజిల్ దేశంలో వాళ్ళ భాషలో నన్ను చుక్క అంటారు. ఎక్కడో ఒక గదిలో ఒకరు మైకు ముందు కూర్చుని చదువుతారు. అది నాలోంచి చెవిలో పడుతుంది. నన్ను పెట్టుకున్న మనిషి అది తన గుండెలోంచే వచ్చినట్టు పలుకుతుంది. జనం కళ్ళు తుడుచుకుంటారు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నా డబ్బా మీద 'మనిషి చర్మం రంగు' అని అచ్చువేశారు. అది లేత గులాబీ రంగు. అచ్చువేసిన వాళ్ళు గేటు దాటి ఎప్పుడైనా వీధిలోకి వచ్చారో లేదో నాకు తెలియదు.

మొదట నన్ను ఎవాండ్రో అనే ముసలి నటుడు పెట్టుకున్నాడు. ఎప్పుడూ జమీందారు వేషాలే. మాటలు మరచిపోయేవాడు. నేను అందిస్తే, "ఇదేం మాట, బాగాలేదు" అని తనకు తోచింది అనేవాడు. ఆయన పోయాక ఆయన చెవి గులిమితో సహా నన్ను ఒక సొరుగులో పడేశారు. రెండేళ్ళకి ఆ సొరుగు తీసింది జుల్మీరా.

జుల్మీరా ఆ స్టూడియోలో బట్టలు కుట్టే మనిషి. "ఛీ, ముసలాడి మురికి!" అంటూ నన్ను స్పిరిట్‌తో తుడిచి, పక్కనున్న దల్వినా చెవిలో పెట్టి చూసింది. ఆ చెవి నల్లనిది.

"ఏమే దల్వా, చెవిలో పన్ను మొలిచినట్టుందే నీకు!"

"నాకు ఉన్న పళ్ళు చాలు. తియ్యి."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. జుల్మీరా వెతికి వెతికి కాఫీ రంగు గోళ్ళరంగు సీసా తెచ్చి నాకు రెండు పూతలు పూసింది. అలా నేను దల్వినా మనిషినయ్యాను.

దల్వినాది వానలు పడని ఊరు. పదమూడో ఏట రియో నగరానికి వచ్చి ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటికి వచ్చిపోయే టీవీ ఆయన ఒకడు, "ఈ పిల్లకి ట్రే పట్టుకోవడం నేర్పక్కర్లేదు" అని సీరియల్‌లో పనిమనిషి వేషానికి తీసుకెళ్ళాడు. అప్పటినుంచి ముప్ఫై ఏళ్ళు ఆమె ఎన్ని సీరియళ్ళలో నటించిందో ఆమెకే గుర్తులేదు. కథలు మారాయి, యజమానురాళ్ళు మారారు, ట్రే మారలేదు. "కాఫీ తెచ్చానమ్మా" అనేదే మాట.

ఆ తర్వాత బెనె అనే పనిమనిషి వేషం వచ్చింది. ఒకరోజు యజమానురాలు తిడుతుంటే బెనె తల ఎత్తి ఒక్క చూపు చూసింది. ఆ వారం స్టూడియోకి బస్తాలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. ఆ దేశంలో సీరియల్ ఒకవైపు ప్రసారమవుతుంటే ఇంకోవైపు రాస్తుంటారు. జనం ఎవరు కావాలంటే వాళ్ళు బతుకుతారు, ఎవరు వద్దంటే వాళ్ళు దూరప్రయాణం పోతారు. జనం బెనెని అడిగారు. బెనెకి మాటలు పెరిగాయి.

అక్కడే వచ్చింది చిక్కు. దల్వినాకు చదువు రాదు.

ఆ సంగతి తెలిసింది జుల్మీరాకి ఒక్కదానికే. ఇదివరకు ఒకటీ రెండూ మాటలైతే ఇస్త్రీ బల్ల దగ్గర చదివి వినిపించేది, దల్వినా పట్టేసేది. ఇప్పుడు పొద్దున రాసిన పేజీలు మధ్యాహ్నం నటించాలి. "నాకు మతిమరుపు. మాట అందించడానికి జుల్మీరా ఉంటే చాలు" అని చెప్పింది దల్వినా. డైరెక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. "దానికేముంది దోనా దల్వినా, పెద్ద నటులందరికీ ఉండేదే!" అన్నాడు. దోనా అంటే అమ్మగారూ అన్నట్టు. ముప్ఫై ఏళ్ళలో ఆమెను అలా పిలవడం అదే మొదలు. మనుషుల్లో మరచిపోవడం పెద్దరికం. నేర్చుకునే వీలు లేకపోవడం మాత్రం సిగ్గు.

ఎనిమిది నెలలు జుల్మీరా గొంతు నాలోంచి నడిచింది. సెట్టు వెనక కిటికీ లేని గదిలో కూర్చుని చదివేది. "ఇప్పుడు ఏడు. అంత వద్దే, ముక్కు కారుతోంది" అని మధ్యలో చురకలు వేసేది. దల్వినా నవ్వు ఆపుకోలేక పెదవి కొరికితే, ఆమె దుఃఖం ఎంత సహజమో అని పత్రికలు రాసేవి. ఆదివారాలు అభిమానుల ఉత్తరాలు చదివిపెట్టేది.

"నా గొంతు అరిగిపోతోంది. ఒక్క అక్షరమైనా నేర్చుకోవే."

"నువ్వుండగా నాకెందుకే?"

చివరి నెలలో జుల్మీరాకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఎడమ చెయ్యి నొక్కుకునేది. "ఇవాళ డాక్టరు దగ్గరికి పోదాం పద" అంది దల్వినా ఒక మధ్యాహ్నం. "ఈ సీను కానీ. నేను లేకపోతే నీ నోరు పెగలదు" అంది జుల్మీరా.

ఆ సీను బెనెని ఇంట్లోంచి వెళ్ళగొట్టే సీను. ముప్ఫై ఏళ్ళు చేసిన ఇంట్లో నిలబడి ఉంది. యజమానురాలు, "నీకేం కావాలో అడుగు, ఇచ్చి పంపిస్తాను" అంది. ఇక దల్వినా పలకాలి. నాలో ఏమీ వినబడలేదు. కాగితం కింద పడిన చప్పుడు. ఒక శ్వాస. తర్వాత జుల్మీరా గొంతు, చాలా చిన్నగా:

"నీళ్ళు... ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి."

దల్వినాకు అప్పుడు ఏం తెలిసిందో నేను చెప్పలేను. ఆమె చెవి ఒక్కసారి నిప్పులా కాలింది, అంతవరకే నాకు తెలుసు. ఆమె యజమానురాలి ముఖంలోకి చూసి, అదే గొంతుతో అంది: "నీళ్ళు... ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి."

జన్మంతా అందరికీ నీళ్ళందించిన మనిషి నీళ్ళడిగింది. కెమెరా పట్టుకున్న ఆయన కళ్ళు చెమర్చాయి. డైరెక్టరు ఆపమని చెయ్యి ఎత్తలేదు. నాలో ఇంకేమీ రాలేదు. దల్వినా అలాగే నిలబడింది, నిలబడింది, తర్వాత వెనక్కి తిరిగి తలుపు దాటి నడిచింది. తలుపు దాటాక పరుగెత్తింది.

జుల్మీరా కుర్చీలోంచి పక్కకు ఒరిగి ఉంది. ఆసుపత్రికి చేరేలోగా పోయింది.

ఆ సీను అలాగే ప్రసారమైంది. బెనె మళ్ళీ ఆ ఇంటికి రానే లేదు. ఇంతకంటే గొప్ప ముగింపు లేదన్నారు. ఆ ఏడు ఉత్తమ నటి బహుమతి దల్వినాకు ఇచ్చారు. తర్వాత ఎన్నో స్క్రిప్టులు ఇంటికి వచ్చాయి. ఆమె ఒక్కటీ విప్పలేదు. నన్ను బిస్కెట్ల డబ్బాలో, ఆనాటి పేజీలతో కలిపి పెట్టింది.

తరవాత చర్చివాళ్ళు నడిపే పెద్దవాళ్ళ బడికి వెళ్ళింది. వంటింటి బల్ల మీద పుస్తకంలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఉంటే డబ్బాలోంచి వినేదాన్ని. రెండేళ్ళు పట్టింది. ఒక పొద్దున డబ్బా తీసి ఆ పేజీ బల్ల మీద పరిచింది. బెనె అనవలసిన మాట ఒక్కొక్క అక్షరం చదివింది:

"నా-కే-మీ అ-క్క-ర్లే-దు."

పేజీ పక్కన జుల్మీరా పెన్సిలుతో రాసుకుంది: 'ఇక్కడ ఏడవకూడదని చెప్పాలి.' అదీ చదివింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

కొన్నాళ్ళకి స్టూడియో వాళ్ళు పాత వస్తువులతో ఒక ప్రదర్శనశాల పెడతామని వచ్చారు. ట్రే, ఏప్రాను, నన్ను ఇచ్చింది. నన్ను అద్దాల పెట్టెలో పెట్టారు. పక్కనే చిన్న తెర మీద ఆ సీను తిరుగుతూనే ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు అడుగుతుందో లెక్కలేదు. చూసినవాళ్ళు ముక్కు చీదుకుని పక్క పెట్టెకి వెళ్ళిపోతారు.

ఒకరోజు దల్వినా వచ్చింది. కర్ర పట్టుకుంది. నా పెట్టె కింది అట్టముక్క మీద వేలు నడిపిస్తూ పైకే చదివింది: "మాటలు మరచిపోయే నటులకు సాయపడే పరికరం."

అక్కడ కాపలా ఉన్నామె గుర్తుపట్టి కుర్చీ తెచ్చింది. "ఆ సీను చూసి మా అమ్మ వారం రోజులు ఏడ్చింది, దోనా. ఆ మాట రాసినాయన చేతులకు దండం పెట్టాలి."

"రాసినాయనది కాదమ్మా ఆ మాట. నాదీ కాదు. నేను మరచిపోనూ లేదు. అప్పట్లో నాకు చదువు రాదు. నా స్నేహితురాలు చదివి అందించేది. ఆ నీళ్ళు అడిగింది అది, ప్రాణం పోతుంటే."

కాపలా ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అయ్యో, మీకు తెలియలేదు కదా పాపం..."

"దాని గొంతు నాకు తెలియదా? తెలిసింది." దల్వినా తెర వైపు చూస్తూ అంది. "సీను బాగా వస్తోంది. అందుకని కదల్లేదు."

ఆ తర్వాత కలం అడిగి తీసుకుంది. అట్ట వెనక్కి తిప్పి, బడిపిల్ల అక్షరాలతో 'జుల్మీరా' అని రాసింది. రాసి ఊపిరి పీల్చుకుంది. కాపలా ఆమె కంగారుపడి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. దల్వినా తాగలేదు. ఆ గ్లాసు నా పెట్టె ముందు పెట్టి, కర్ర ఊనుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం తుడవడానికి వచ్చినామె గ్లాసు చూసింది. "ఎవరో మరచిపోయారు" అనుకుని, నీళ్ళు బకెట్లో పారబోసింది.