రెండో ఏనుగు

బస్సు కుదుపులకి బావమరిది తల వచ్చి గొళ్ళెం భుజం మీద వాలింది. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆ నిద్ర చెడకుండా, మోచెయ్యి కదలకుండా, గొళ్ళెం ఒడిలో ఉన్న, పోటీకి ఏరి కూర్చుకున్న కార్డుల డెక్ పెట్టె మూత తీశాడు. ఒక కార్డు పైకి లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. దాని స్థానంలో ఇంకో కార్డు దూర్చాడు. మూత పెట్టేశాడు.

అంతే. రెప్పపాటు పని.

గొళ్ళెం అసలు పేరు కార్డుల షాపులో ఎవరికీ గుర్తులేదు. అవతలివాడు ఏ కార్డు వేసినా ఆపేస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. వృత్తి లిఫ్ట్ మెకానిక్. పైకి వెళ్ళడం లిఫ్టుకి గొప్ప కాదు, ఆగాల్సిన చోట ఆగడమే గొప్ప అంటాడు. ఆటలోనూ అదే పద్ధతి. అందరూ దాడి చేసే మృగాల కార్డులతో డెక్ నింపుకుంటే, ఇతని కంట్రోల్ డెక్ నిండా ఆపే కార్డులూ, తుడిచిపెట్టే కార్డులే. అవతలివాడి ముందరి కాళ్ళకి బంధాలు వేసి, వాడి ఊపిరి అయిపోయాక తీరిగ్గా ఒక పెద్ద మృగాన్ని దించి పని ముగిస్తాడు.

ఆ పెద్ద మృగం ఏది, ఎన్ని అన్నదే బావాబావమరుదులకి నెల్లాళ్ళ తగువు.

బావమరిదికి సందు చివర సెలూన్ ఉంది. వాడి డెక్ వాడి కత్తెరలాగే ఆగదు, ఆడుతూనే ఉంటుంది. బావ డెక్‌లోనూ వేగంగా ముగించే కార్డులు పెట్టాలని వాడి పట్టు. రాతి ఏనుగు తప్ప మరొకటి వద్దని గొళ్ళెం పట్టు. ఏనుగు ఆలస్యంగా దిగుతుంది, కానీ దిగాక దాన్ని కదిలించగల కార్డు ఆటలో లేదు. చివరికి ఏనుగుకే వాడు ఒప్పుకున్నాడు. కానీ ఒక్కటి చాలదన్నాడు.

"దిగకముందే అది కాస్తా పోతే ఏం పెట్టి గెలుస్తావ్ బావా? తలుపుకి గొళ్ళెం పెట్టుకుని లోపల ఆకలితో కూర్చుంటావా?"

మధ్యలో కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చిన బావమరిది అక్క, అంటే గొళ్ళెం భార్య, వీళ్ళిద్దరూ కలిస్తే ఇంట్లో తనకి కుర్చీ కూడా మిగలడం లేదనీ, ఏనుగులు కూడా వస్తే తను వంటింట్లోనే పడుకోవాలనీ అంది. నవ్వులయ్యాక గొళ్ళెం మాటిచ్చాడు. రెండు ఏనుగులు. ఖాయం.

జోడీ పోటీ అది. పక్కపక్క బల్లల మీద ఇద్దరూ ఆడతారు. ఇద్దరూ గెలిస్తేనే జోడీ గెలిచినట్టు. ఆ రోజు చివరిదాకా నిలిచిన జోడీకి రాజధానిలో జరిగే పెద్ద పోటీలో చోటు. బావమరిది పుట్టి బుద్ధెరిగాక దేంట్లోనూ గెలవలేదు. బళ్ళో పరుగుపందెంలో కూడా చెప్పు తెగి మధ్యలో కూర్చున్నవాడు. ఈసారి మాత్రం గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ రాజధాని కబురు చెప్పాడు. రైలు వేళలు కూడా కనుక్కున్నాడు.

మరి బస్సులో గొళ్ళెం ఆ రెండో ఏనుగుని ఎందుకు తీశాడు? భయం. వారం కిందట షాపులో ఒక బ్యాంకు కాపలాదారు చుంచెలుకల్లాంటి చిన్న మృగాలతో అతన్ని చిత్తుగా ఓడించాడు. ఆపే కార్డు ఇంకొక్కటి ఉండుంటే బతికేవాణ్ణి అనే ఆలోచన చెప్పులో రాయిలా వారమంతా గుచ్చింది. బస్సెక్కాక ఇక ఆగలేకపోయాడు. ఒక్క ఏనుగు చాల్లే, ఎప్పుడూ దాంతోనే గెలిచాను కదా అనుకున్నాడు.

"వచ్చేశామా బావా?" మూతి తుడుచుకుంటూ లేచాడు బావమరిది.

"ఇంకా లేదు. పడుకో."

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే సాగింది. బావమరిది సుడిగాలిలా గెలుస్తూ వచ్చాడు. గొళ్ళెం ఆలస్యంగా, సమయం అయిపోయిందని గంట మోగడానికి కాస్త ముందు గెలుస్తూ వచ్చాడు. చివరి ఆటకి అతని ఎదురుగా ఒక మందులషాపు ఆవిడ కూర్చుంది. కళ్ళజోడుకి గొలుసు, చేతిలో పిప్పరమెంట్ల పొట్లం. అతనికీ ఒకటి ఇచ్చింది. ఎవరో పిన్నిగారి ఇంటికి వచ్చినట్టుంది తప్ప పోటీలా లేదు.

ఆవిడ ఒక కప్పని దించింది. గొళ్ళెం ఆపాడు. ఒక గబ్బిలాన్ని దించింది. అదీ ఆపాడు. ఎందుకూ కొరగాని నక్కపిల్లని దించింది. దాన్ని వదిలేసినా కొంప మునిగేది కాదు. అయినా ఆపాడు. ఎదుటివాళ్ళు చెయ్యి చాచగానే కాదనడంలో అతనికి చెప్పలేనంత సుఖం ఉంది. ఆ సుఖంలో చేతిలోని ఆపే కార్డులన్నీ చిల్లరలా ఖర్చయిపోయాయి.

అప్పుడు ఆవిడ నెమ్మదిగా 'దొంగచెయ్యి' వేసింది. ఆ కార్డు పడితే ఎదుటివాళ్ళ చేతిలోకి చూసి, నచ్చినదాన్ని ఆటలోంచే తీసిపారెయ్యొచ్చు. ఆపడానికి గొళ్ళెం దగ్గర ఏమీ లేదు. కార్డులు తిప్పి చూపించాడు.

"ఇదిగో, ఇది," అంటూ ఆవిడ ఏనుగుని మునివేళ్ళతో పక్కన పెట్టింది.

సరిగ్గా అదే సమయానికి పక్క బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. బావమరిది గెలిచేశాడు. వచ్చి బావ వెనక నిలబడ్డాడు. ఆట మధ్యలో మాట్లాడకూడదు. పక్కన పెట్టిన ఏనుగుని చూశాడు. పర్లేదన్నట్టు బావ భుజం తట్టాడు. రెండోది ఉందిగా.

రెండోది గొళ్ళెం చొక్కా జేబులో ఉంది.

ఆ తర్వాత కాసేపటికే ఆట మళ్ళీ అతని చేతిలోకి వచ్చింది. ఆపే కార్డులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆవిడ ఏదీ నిలబెట్టలేకపోయింది. చూసేవాళ్ళకి ఆట ముగిసినట్టే. ఏనుగు రావడమొక్కటే తరువాయి. ఎదుటివాళ్ళ డెక్ ఖాళీ అయితే అదీ గెలుపే. కానీ ఆవిడ డెక్ ఇంకా ఇటుకంత మందాన ఉంది. గోడ మీద గడియారం మాత్రం పరిగెడుతోంది.

గొళ్ళెం కార్డు తీసిన ప్రతిసారీ బావమరిది మెడ చాచి తొంగిచూశాడు. 'అడ్డుగోడ' అనే ఆపే కార్డు. నిట్టూర్పు. మళ్ళీ తొంగిచూశాడు. 'చీపురు' అనే తుడిచిపెట్టే కార్డు. మళ్ళీ నిట్టూర్పు. రాదని తెలిసింది ఆ గదిలో ఒక్కడికే. ఆ ఒక్కడూ ఏనుగు కోసం ఎదురుచూస్తున్నట్టే నటించాడు. డెక్ మీద వేలితో తట్టాడు కూడా, రావే అన్నట్టు. వెనకనుంచి బావమరిది ఊపిరి మెడకి తగులుతూనే ఉంది.

గంట మోగింది. సమానం. సమానమంటే రెండు జోడీలూ ఇంటికే.

మందులావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంకొకటి ఎప్పుడు దిగుతుందోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఆడానని నవ్వుతూ చెప్పి, చెయ్యి కలిపి వెళ్ళిపోయింది.

బావమరిది వంగి బావ కార్డులన్నీ పోగుచేశాడు. ఎప్పుడూ వాడే సర్దుతాడు. సర్దుతూ అడిగాడు.

"రెండోది ఎక్కడుండిపోయింది బావా?"

"అడుగున," అన్నాడు గొళ్ళెం. "మరీ అడుగున ఉండిపోయిందిరా. మన టైము."

వాడు తలూపాడు. ఏనుగు వెళ్ళి తోక చిక్కడమంటే ఇదే కాబోలు అని నవ్వాడు. పెట్టెకి మూత పెట్టి చేతికిచ్చాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూశాడు. నిద్రపోలేదు.

నెల తిరిగింది. కొత్త పోటీ కబురు రాగానే గొళ్ళెం సెలూన్‌కి వెళ్ళాడు. జుట్టు పెరగలేదు. అయినా కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది తెల్లగుడ్డ కప్పి, నీళ్ళు చల్లి, కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు. అక్క మోకాలి నొప్పి, సందులో తవ్విన గొయ్యి, కుళాయి నీళ్ళ రంగు, అన్నీ మాట్లాడాడు. కార్డుల ఊసెత్తలేదు.

చివరికి గొళ్ళెమే ఎత్తాడు. అద్దంలో వాడి మొహం చూస్తూ, "ఈసారి రెండు ఏనుగులూ పెడుతున్నాన్రా" అన్నాడు.

కత్తెర ఆగింది.

"అప్పుడూ రెండే అన్నావు కదా బావా."

"అదీ..."

"పేక సర్దింది నేనే. అడుగుదాకా నేను చూడలేదనుకున్నావా?"

వాడి గొంతులో కోపమేమీ లేదు. ఉన్నా బాగుండేది, కోపాన్ని ఏదో ఒకటి చెప్పి ఆపొచ్చు.

"బస్సులో మోచేత్తో ఒక్క పోటు పొడిచి లేపి, తీసేస్తున్నాన్రా అని చెప్పుంటే, సరే బావా అని మళ్ళీ పడుకునేవాణ్ణి," అన్నాడు బావమరిది, చెవి వెనక దువ్వెన పెడుతూ. "పోనీ ఓడిపోయాకైనా చెప్తావేమోనని నెల రోజులు చూశాను. ఇంటికొచ్చిన ప్రతిసారీ చూశాను."

మందులావిడ తనతో జోడీ కట్టమని అడిగిందనీ, ఒప్పుకున్నాననీ కూడా వాడే చెప్పాడు. నిన్ననే చెప్పాడట ఆవిడకి.

అప్పుడైనా గొళ్ళెం అనాల్సిన మాట ఒకటే. వద్దురా, నాతోనే ఉండు. అది గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాక మాత్రం వేరేది వచ్చింది. ఆవిడ ఆట మరీ నెమ్మదనీ, వీడి తొందరకి సరిపడదనీ, ఆ నక్కపిల్లల డెక్‌తో పెద్ద పోటీల్లో నెగ్గలేరనీ. వరసగా నాలుగు అడ్డంకులు చెప్పాడు. చెప్తున్నప్పుడే తన గొంతు తనకే వినబడింది.

బావమరిది అంతా విన్నాడు. గుడ్డ విప్పి, దులిపి, మెడ మీద వెంట్రుకలు మెత్తటి బ్రష్‌తో తుడిచాడు.

"అక్కకి చెప్పు, ఆదివారం వస్తానని," అన్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చున్న పెద్దాయన వైపు తిరిగి, "రండి మాస్టారూ," అని పిలిచాడు.

గొళ్ళెం కుర్చీ ఖాళీ చేశాడు.